కరుణ టీచరు పరుపు

కరుణ టీచరు రోజూ పొద్దున్నే, స్నానానికి ముందు ఒక పని చేస్తుంది. మంచం మీద పక్కకి తిరిగి, ఫోను పట్టుకున్న చేతిని వీపు వెనక్కి పెట్టి, నడుం కింది భాగాన్ని ఫొటో తీసుకుంటుంది. ఆ చోటు ఆవిడ ఒంటిదే గాని, అక్కడేం జరిగినా ఆవిడకి తెలియదు. నాలుగేళ్ళ కిందట బడికి వెళ్తుంటే, పలివెల దాటేక కాలవ గట్టు మీద ఆటో తిరగబడింది. వెన్నెముక దెబ్బతిని, బొడ్డు దగ్గర్నించి కిందికి స్పర్శ పోయింది. చీమ కుట్టినా, నిప్పు తగిలినా, ఎముక మీద చర్మం నలిగి కమిలినా పైకి కబురు రాదు. కళ్ళతో చూసి తెలుసుకోవలసిందే.

జూన్ నెలాఖరులో ఒక సోమవారం ఆ ఫొటోలో ఎర్ర మచ్చ కనబడింది. సరిగ్గా వెన్ను చివర ఎముక మీద, రూపాయి బిళ్ళంత. కరుణ కాసేపు ఆ ఫొటోని పెద్దది చేసుకుని చూసింది. తర్వాత ఒక చేత్తో ఆ మచ్చని నొక్కి వదిలి, రెండో చేత్తో మళ్ళీ ఫొటో తీసింది. నొక్కి వదిలేక తెల్లబడితే భయం లేదు. అప్పటికీ ఎర్రగానే ఉంటే, అక్కడ నెత్తురు సరిగ్గా ఆడటం లేదన్నమాట. రెండో ఫొటోలో కూడా మచ్చ ఎర్రగానే ఉంది.

ఆటో ప్రమాదం జరిగిన మొదటి సంవత్సరం ఇలాంటి మచ్చే వచ్చింది. ఎవరికీ తెలియలేదు. తెలిసేసరికి అది పుండైంది. కాకినాడ ఆసుపత్రిలో మూడు నెలలు బోర్లా పడుకుని ఉండాల్సొచ్చింది. పక్క మంచం మీద కొబ్బరిచెట్టు మీంచి పడ్డ ఒకాయన ఉండేవాడు. పుండు ఎముక దాకా పోయి, ఆయన ఇంక ఇంటికి వెళ్ళలేదు. కరుణకి ఆయన దగ్గు ఇప్పటికీ గుర్తే.

వంటింట్లోంచి సుభాష్ టీ పట్టుకుని వచ్చేడు. కరుణ దుప్పటి పైకి లాక్కుని, ఫోను దిండు కింద పెట్టేసింది.

సుభాష్ ఆవిడ భర్త. కొత్తపేటలో ఒక బ్యాంకులో క్లర్కు. పిల్లలు లేరు. నాలుగేళ్ళుగా రాత్రి రెండుసార్లు లేచి భార్యని ఒక పక్క నించి ఇంకో పక్కకి తిప్పుతాడు. ఆఫీసరు ప్రమోషను కోసం విజయవాడలో పదిహేను రోజుల ట్రైనింగుకి వెళ్ళాలి. రెండేళ్ళు వరసగా పిలుపొచ్చింది, రెండేళ్ళూ ఇంట్లో కుదరదని చెప్పి మానేసేడు. మూడోసారి కరుణే కాగితం నింపి అతని చేత సంతకం పెట్టించింది. నాకేం కాదు, నేను చూసుకుంటానంది. బయల్దేరడానికి ఇంక మూడు వారాలు కూడా లేవు. మచ్చ మాట చెప్తే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. అందుకే చెప్పలేదు.

ఆడపడుచు జెస్సీకి మాత్రం చెప్పింది. జెస్సీ అమలాపురంలో స్టాఫ్ నర్సు. ఫొటోలు చూసి వెంటనే ఫోన్ చేసింది. చక్రాల కుర్చీలో కూచునే మెత్తని చూపించమంది, అది బాగానే ఉంది. పరుపు ఎన్నాళ్ళదని అడిగింది. ఐదేళ్ళ నాటి కొబ్బరి పీచు పరుపు. మధ్యలో గుంటపడి, పీచు అణిగిపోయి, చెయ్యి పెట్టి నొక్కితే కింద మంచం చెక్క తగులుతోంది. ఇంక వేరే అడగక్కర్లేదంది జెస్సీ. పరుపు మార్చే దాకా వెల్లకిలా పడుకోవద్దనీ, బడికి సెలవు పెట్టమనీ, అన్నయ్యకి చెప్పమనీ గట్టిగా చెప్పింది. మొదటి మాట మాత్రం కరుణ విన్నది. సుభాష్‌తో, పరుపు పాతదైపోయిందండీ, మార్చాలి అని ఊరుకుంది.

శనివారం సాయంత్రం గుమ్మం ముందు మినీ వ్యాను ఆగింది. అందులోంచి ఇద్దరు మనుషులు తెల్లటి పరుపు దించేరు. సుభాష్ అమలాపురంలో పెద్ద షాపులో కొన్నాడట. పది అంగుళాల మందం. పెద్ద పెద్ద హోటళ్ళలో ఇదే వేస్తారని షాపువాడు చెప్పేడట. సుభాష్ దాని మీద అరచెయ్యి వేసి నొక్కేడు, మణికట్టు దాకా దిగిపోయింది. ఎలా ఉంది అన్నట్టు భార్య మొహంలోకి చూసేడు.

కరుణ లెక్కల టీచరు. పరుపు మంచం మీద పరవగానే కంటితోనే కొలిచేసింది. పాత పరుపు ఆరంగుళాలు. అప్పుడు మంచమూ, చక్రాల కుర్చీ సీటూ ఒకే ఎత్తులో ఉండేవి. ఇప్పుడు మంచం నాలుగంగుళాలు పైకి లేచింది. కాని ఆ మాట అంటే, ఇప్పుడు ఉన్నట్టుండి పరుపు గురించి ఇంత ఆరా ఏమిటో కూడా చెప్పాలి. చాలా బాగుందండీ అంది.

ఆ రెండు రాత్రులూ ఆవిడకి నిద్ర లేదు. పరుపు ఒంటిని మింగేసినట్టుంది. గుంటలో పడ్డ గుమ్మడికాయలా ఎటూ దొర్లలేదు. చేతులతో ఆనుకుని తిరగబోతే మోచేతులు లోపలికి దిగిపోయేయి. వీపంతా చెమట. సుభాషే తిప్పేడు. తిప్పినప్పుడల్లా అతను తన నడుం పట్టుకుని కాసేపు నిలబడటం ఆవిడ చూసింది.

సోమవారం ఎనిమిదింటికి సుభాష్ తలుపు దగ్గరగా వేసి బ్యాంకుకి వెళ్ళిపోయేడు. ఎనిమిదిన్నరకి రోజూ వచ్చే ఆటో వస్తుంది. కరుణ కుర్చీని మంచం పక్కకి లాక్కుని, బ్రేకులు వేసింది. ఎడమ చెయ్యి కుర్చీ మీద, కుడి పిడికిలి పరుపు అంచు మీద ఆనించి, ఒళ్ళు పైకి లేపి ఒక్క ఊపులో కుర్చీలోకి జరగడం రోజుకి ఆరేడుసార్లు చేసే పనే. ఆ రోజు పిడికిలి మీద బరువు వెయ్యగానే పరుపు అంచు వెన్నలా కిందికి పోయింది. చెయ్యి జారింది. ఒళ్ళు కుర్చీకీ మంచానికీ మధ్య నించి నేల మీదకి దబ్బున జారింది. కాళ్ళు రెండూ ఒంటి కిందే మడతపడ్డాయి.

నొప్పి లేదు. భయమల్లా అందుకే. కాలు విరిగినా తెలియదు కదా. ముందు రెండు చేతులతో కాళ్ళు ఒక్కొక్కటీ బయటికి లాగి చాపుకుంది. చీలమండలు చూసుకుంది, వంకర లేదు, వాపు లేదు. అప్పుడు గుర్తొచ్చింది, తను కూచున్నది సిమెంటు నేల మీద, సరిగ్గా ఆ మచ్చ మీద. మోచేతుల మీద వాలి పక్కకి ఒరిగింది. ఫోను మంచం మీదుంది. దుప్పటి అంచు పట్టుకుని లాగితే ఫోనుతో సహా వస్తుందనుకుంది. లాగింది. ఫోను జారి మంచానికి అవతలి వైపు పడ్డ చప్పుడు వినబడింది.

గోడ గడియారంలో ఎనిమిదీ పన్నెండు. ఆ పద్దెనిమిది నిమిషాలూ కరుణ చెంప నేలకి ఆనించుకుని, గడియారం ముల్లు చూస్తూ, బుర్రలో కాకినాడ వార్డు రాకుండా ఉండటానికి పదమూడో ఎక్కం, పద్నాలుగో ఎక్కం చెప్పుకుంటూ పడి ఉంది.

ఆటో హారను రెండుసార్లు మోగింది. తర్వాత గుమ్మంలోంచి డ్రైవరు వెంకటస్వామి గొంతు.

"టీచరుగారండీ, టైమవుతోందండీ."

"వెంకటస్వామిగారూ, నేను కింద పడ్డానండి. పక్కింటి వీరవేణిగారిని పిలుచుకుని లోపలికి రండి."

వీరవేణి పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. వాళ్ళిద్దరూ చంకల్లో చేతులు వేసి లేపబోతే కరుణ వద్దంది. ఒకరు వెనక నించి చేతుల కిందుగా తన మణికట్లు రెండూ పట్టుకోవాలని, ఇంకొకరు మోకాళ్ళ కింద చేతులు పెట్టాలని, తను మూడు లెక్కపెట్టేక ఇద్దరూ ఒక్కసారే లేపాలని, నేల మీద పడుకునే చెప్పింది. పాత పరుపు వరండాలో ఉంటే తెప్పించి, దాని మీద బొంతలు పరిపించి, బోర్లా పడుకుంది. సుభాష్‌కి చెప్పొద్దంది.

"చెప్పేసేనండి," అన్నాడు వెంకటస్వామి, తల వంచుకుని. "మీరు పడ్డారనగానే బయట నించే ఫోన్ చేసేసేనండి."

సుభాష్ పావుగంటలో వచ్చేడు. గుమ్మంలో బూట్లు కూడా విప్పలేదు. వీరవేణి అతని మొహం చూసి, తర్వాత వస్తానని వెళ్ళిపోయింది. సుభాష్ భార్య కాళ్ళు తడిమి చూసి, తర్వాత నడుం కింద చూసేడు. రూపాయి బిళ్ళంత ఉన్న మచ్చ ఇప్పుడు అరచేతిలో సగముంది.

"ఎన్నాళ్ళ నించి?"

"వారమైంది."

"జెస్సీకి తెలుసా?"

"తెలుసు."

సుభాష్ ఫోను బయటికి తీసేడు. ట్రైనింగుకి రానని మేనేజరుగారికి చెప్పేస్తానన్నాడు. గొంతు పెంచలేదు. అతనికి కోపమొస్తే గొంతు ఇంకా తగ్గుతుంది.

"చెప్పండి," అంది కరుణ, మొహం దిండు మీంచి తిప్పకుండా. "వచ్చే ఏడూ ఏదో ఒకటి వస్తుంది. అప్పుడూ చెప్పండి."

"నాకు చెప్పకుండా దాచేవు."

"దాచేను. తప్పే. మీరు నాకోసం ఇంత ఖరీదు పెట్టి పరుపు తెచ్చేరు. పడుకునేది నేను. నన్నెందుకు తీసికెళ్ళలేదండీ?"

సుభాష్ ఫోను చేతిలో అటూ ఇటూ తిప్పేడు.

"ఆ షాపుకి ఆరు మెట్లున్నాయి."

"ఆరు మెట్లున్నాయని, నా ఒంటికేం కావాలో షాపువాణ్ణి అడిగొచ్చేరు."

ఆ మాట అన్నందుకు కరుణ తర్వాత చాలా బాధపడింది. సుభాష్ ఫోను జేబులో పెట్టుకుని, బూట్లు విప్పి, నేల మీద ఆవిడ తల పక్కన కూచున్నాడు. మేనేజరుకి ఫోన్ చెయ్యలేదు.

సాయంత్రం జెస్సీ వచ్చింది. ఇద్దరినీ సమానంగా తిట్టింది. చర్మం చిట్లలేదు, అదొక్కటే అదృష్టమంది. చిట్లితే మాత్రం ఆ రోజే కాకినాడ బయల్దేరాలంది. నొక్కితే మచ్చ తెల్లబడే దాకా కుర్చీ ఎక్కడానికి వీల్లేదు. బోర్లా, పక్కకి, మళ్ళీ బోర్లా. రెండేసి గంటలకి ఒకసారి మారాలి. ఆసుపత్రిలో వాడే గాలి పరుపు తెప్పిద్దామా అని సుభాష్ అడిగేడు. బొత్తిగా కదల్లేనివాళ్ళకి అది మేలే అంది జెస్సీ. కాని కరుణ దాని మీద కూచుంటే పడవలా ఊగుతుంది, మళ్ళీ జారి పడుతుంది. పైగా దాని మోటారు కరెంటు మీదే తిరుగుతుంది, ఈ ఊళ్ళో గాలీ వానా వస్తే కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరు చెప్పగలరు? వెళ్తూ వెళ్తూ ఆ మెత్త పరుపుని తన ఇంటికి పంపించెయ్యమంది, పిల్లలు గెంతుతారని.

బోర్లా పడుకున్న ఆ తొమ్మిది రోజుల్లో కరుణ ఒక తెల్లకాగితం మీద పరుపు బొమ్మ గీసింది. మంచం ఎత్తు పద్నాలుగు. కుర్చీ, మెత్తతో కలిపి ఇరవై. తేడా ఆరు. పరుపు ఆరంగుళాలకి మించకూడదు. అందులో కింద గట్టిదెంత, పైన మెత్తదెంత? మెత్తదనం తక్కువైతే ఎముక నలుగుతుంది, ఎక్కువైతే తను తిరగలేదు. అంచు మాత్రం చెక్కలా ఉండాలి. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి పడదు. రోజూ గీసి, కొట్టేసి, మళ్ళీ గీసేది. రోజూ పొద్దున్న మచ్చని సుభాషే నొక్కి చూసేవాడు. ఐదో రోజు దాకా ఏమీ మార్పు లేదు. అంచులు కొంచెం నల్లబడ్డట్టు కూడా అనిపించింది. ఆ రోజు ఇద్దరూ అన్నం సరిగ్గా తినలేదు. ఆరో రోజు మచ్చ చిన్నదైంది. తొమ్మిదో రోజు, బుధవారం పొద్దున్న, సుభాష్ వేలు తీసేక మచ్చ తెల్లబడి, మెల్లిగా గులాబీ రంగుకొచ్చింది. ప్రయాణం ఆదివారం.

పలివెల రోడ్డులో త్రిమూర్తులుకి కొబ్బరి పీచు పరుపుల షెడ్డుంది. లారీలు లోపలికి వచ్చి సరుకు ఎక్కించుకోవాలి గనక మెట్లు లేవు. మర్నాడు కరుణ కుర్చీ సరాసరి లోపలికి పోయింది. నెల్లాళ్ళ పైన రోడ్డు చూడలేదేమో అన్నంత కొత్తగా ఉంది ఆవిడకి. షెడ్డంతా పీచు ధూళి, రబ్బరు వాసన. త్రిమూర్తులుకి అరవై దాటేయి, తెల్ల బనీను. సుభాష్ వైపు చూసి, ఎవరికండీ పరుపు అని అడిగేడు.

"నాకండి," అంది కరుణ.

ఆయన నడుం నొప్పికి గట్టి పరుపుని మించిన మందు లేదండీ అని మొదలెట్టేడు. కరుణ వినీ వినీ, తన కాగితం చేతికిచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసేడు. ముప్ఫై ఏళ్ళుగా పరుపులు చేస్తున్నాను, ఒకే పరుపులో మూడు రకాలు ఎవరూ అడగలేదండీ అన్నాడు. అతుకులు ఊడిపోతాయి, మాట నాకొస్తుంది అన్నాడు. రెక్సిన్ తొడుగు వేస్తే మటుకు పదేళ్ళు చెక్కుచెదరదన్నాడు. రెక్సిన్ వద్దండీ, చెమట పడితే చర్మం నానిపోతుంది అంది కరుణ. నూలు తొడుగు, కొంచెం వదులుగా, ఉతుక్కోవడానికి జిప్పుతో కావాలంది. ఆయనకి విసుగొచ్చింది. మెత్త పరుపులు అమలాపురంలో బోలెడు దొరుకుతాయండీ, అక్కడ చూసుకోండి అన్నాడు.

అప్పుడు కరుణ, ఎందుకు కావాలో చెప్పింది. మచ్చ సంగతి, నేల మీద పడ్డ సంగతి, కాకినాడలో పక్క మంచం మీద ఆయన సంగతి. పరాయి మగవాడికి అంత వివరంగా చెప్పడం అదే మొదలు. త్రిమూర్తులు కళ్ళజోడు తీసి బనీనుతో తుడుచుకున్నాడు.

"ఆయ్. పడుకుని చూడండమ్మా. అప్పుడు చేద్దాం."

సెలవు పెట్టి వచ్చిన జెస్సీ రోడ్డు వైపు అడ్డుగా ఒక చీర కట్టింది. త్రిమూర్తులు పనివాళ్ళని టీ తాగి రమ్మని పంపేసేడు. నాలుగడుగుల దూరంలో సుభాష్ చేతులు కట్టుకుని, చూడలేక, చూడకుండా ఉండలేక నిలబడ్డాడు.

మొదట మూడంగుళాల పీచు దిమ్మ మీద పల్చటి ఫోమ్ వేసేరు. కరుణ వెల్లకిలా పడుకుంది. జెస్సీ ఫోమ్ కిందకి అరచెయ్యి పోనిచ్చింది. ఎముక సరిగ్గా చేతికి తగిలింది. వద్దంది. తర్వాత అంతకి రెండింతల మెత్తటిది వేసేరు. అది చేతికి బాగానే ఉంది గాని, కరుణ తిరగబోతే మోచెయ్యి దిగిపోయింది. రెండోసారి ప్రయత్నించింది, మూడోసారి కూడా. మొహం ఎర్రబడింది. సుభాష్ ఒక అడుగు ముందుకి వేసేడు.

"రావద్దండీ," అంది కరుణ. "మీరు విజయవాడలో ఉన్నారు."

సుభాష్ ఆగిపోయేడు.

త్రిమూర్తులు ఇంకో గదిలోకి వెళ్ళి, బరువైన ఫోమ్ దిమ్మ ఒకటి స్వయంగా మోసుకొచ్చేడు. సోఫాలకి వాడేదండీ, నొక్కితే లోపలికి వెళ్తుంది, మళ్ళీ తోసుకొస్తుంది అన్నాడు. మూడంగుళాల పీచు మీద మూడంగుళాల ఆ ఫోమ్. కరుణ పడుకుంది. జెస్సీ చెయ్యి పెట్టి, ఎముకకీ తన చేతికీ మధ్య ఇంకా అంగుళానికి పైగా మెత్తదనం ఉందంది. కరుణ కుడి చెయ్యి చాపి దిమ్మ అంచు పట్టుకుని, ఎడమ చెయ్యి ఊపి, ఒళ్ళంతా ఒక్కసారి లాగింది. నడుం తిరిగింది. కాళ్ళు కొంచెం ఆలస్యంగా, ఒకదాని వెనక ఒకటి వచ్చేయి. ఎవరూ ముట్టుకోకుండా ఆవిడ పక్కకి తిరిగి ఉంది.

అంతటితో అయిపోలేదు. మళ్ళీ వెల్లకిలా తిరిగి ఇరవై నిమిషాలు కదలకుండా పడుకుంది. తర్వాత జెస్సీ మగవాళ్ళిద్దరినీ చీర అవతలికి పంపి చర్మం చూసింది. గులాబీ రంగుంది. జెస్సీ గడియారం చూస్తూ నిలబడింది. ఐదు నిమిషాలు, ఎనిమిది. పదో నిమిషంలో రంగు పోయింది. ఇది సరిపోతుందంది జెస్సీ.

కుర్చీ వైపు అంచుకి ఫోమ్ బదులు జానెడు వెడల్పున గట్టి పీచే పెట్టించింది కరుణ. పరుపు శనివారం మధ్యాహ్నం ఇంటికొచ్చింది. టేపు పెట్టి చూస్తే మంచమూ కుర్చీ సరిసమానం. సుభాష్ చూస్తుండగా కరుణ ఐదుసార్లు కుర్చీలోంచి మంచం మీదకీ, మంచం మీంచి కుర్చీలోకీ జరిగింది. నాలుగోసారి కుర్చీ ఒక్క రవ్వ కదిలింది. ఒక బ్రేకు సరిగ్గా పడలేదు. సుభాష్ చేతులు గాలిలోకి లేచి, అక్కడే ఆగేయి. కరుణ మంచం మీదకి వెనక్కి జరిగి, బ్రేకు నొక్కి, మళ్ళీ చేసింది. పిడికిలి కింద అంచు కదల్లేదు.

ఆదివారం ఆరాధన అయ్యేక సుభాష్ రావులపాలెం వెళ్ళి బస్సెక్కేడు. పగలు వీరవేణి రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళేది. ఫోను మెడలో వేలాడేది. రాత్రికి అలారం పెట్టుకుని కరుణ తనే తిరిగేది. మొదటి మూడు రోజులూ అలారం మోగక ముందే మెలకువ వచ్చేసేది, భయంతో. నాలుగో రోజు పొద్దున్న చర్మం మీద ఎర్రటి గీత కనబడింది. పావుగంట పక్కకి పడుకుని చూస్తే మాయమైంది. దుప్పటి మడత.

ఆ మధ్యాహ్నం భోజనాల వేళ సుభాష్ ఫోన్ చేసేడు. ఎలా ఉన్నావని అడిగేడు. బాగానే ఉందని చెప్పెయ్యడానికి కరుణ నోరు తెరిచి, ఆగింది.

"పొద్దున్న ఒక గీత కనబడిందండీ. దుప్పటి మడత నలిగింది. పావుగంటకి పోయింది."

అవతల కంచాల చప్పుడు వినబడుతోంది. ఇప్పుడు బస్సెక్కేస్తానంటాడేమో అనుకుంది కరుణ.

"దుప్పటి కొంచెం బిగించి పరవమను వీరవేణిగారిని," అన్నాడు సుభాష్. "నాకు క్లాసుంది, సాయంత్రం చేస్తాను."

పదిహేను రోజులూ అతను అక్కడే ఉన్నాడు. తిరిగొచ్చిన మర్నాడు, ఏడు దాటినా సుభాష్ లేవలేదు. నాలుగేళ్ళలో అతను అలా తెల్లారేక కూడా ఒళ్ళెరక్కుండా నిద్రపోవడం కరుణ చూడలేదు. లేపలేదు. కుర్చీలోకి జరిగి, బ్రేకులు తీసి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది.